రద్దయిన ఐస్ హాకీ డివిజన్ చరిత్రను ఒక్క పేజీలో రాసుకోవడం ఎలా

మా ఇంట్లో ఒక లేత నీలం జెర్సీ ఉంది. మా పెద్దనాయన కొడుకు 2009లో అట్లాంటా పోయిన కొత్తలో ఆఫీసు దోస్తులతో ఐస్ హాకీ మ్యాచ్‌కు వెళ్ళి కొనుక్కున్నాడు, ఆ తర్వాత ఇంటికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పచ్చళ్ళకు జాగా చాలక దాన్ని నల్గొండలోనే వదిలేసి పోయాడు. అప్పటి నుంచి అది నాది. ఒకరోజు పొద్దున ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌కు క్రికెట్ ఆడటానికి అదే వేసుకుని పోతే ఒక పిల్లాడు "ఇదేం టీమన్నా" అని అడిగాడు. అట్లాంటా థ్రాషర్స్ అన్నాను. "ఇప్పుడు ఎన్నో ప్లేస్‌లో ఉంది?" అన్నాడు. ఫోన్ తీసి చూస్తే ఆ టీమే లేదు. అది ఆడిన సౌత్‌ఈస్ట్ డివిజన్ కూడా లేదు.

ఇగ పట్టుకుంది నాకు. మే నెల, బయట 44 డిగ్రీలు, మనకు ఐస్ అంటే చెరుకు రసం గ్లాసులో వేసేదే, అయినా రెండు సాయంత్రాలు కూర్చుని ఆ డివిజన్ పుట్టు పూర్వోత్తరాలన్నీ ఒక పొడుగు నోట్‌బుక్ పేజీలోకి ఎక్కించాను. మొదటిసారి తప్పుల తడక అయింది, చింపేసి మళ్ళీ రాశాను. క్విజ్‌కో, స్కూలు ప్రాజెక్టుకో, వీడియో చేయడానికో, లేదా నాలాగా ఊరికే తెలుసుకోవాలనో మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే ఆ తప్పులు మీకు రాకుండా ఎలా చేయాలో చెప్తాను.

ముందు సరిహద్దు గీయండి, టీముల జోలికి తర్వాత పోండి

అందరూ చేసే మొదటి తప్పు టీములతో మొదలుపెట్టడం. ఫలానా టీమ్ ఎప్పుడు పుట్టింది, ఎవరు ఆడారు అని వెతుక్కుంటూ పోతే మూడు రోజులైనా తేలదు. డివిజన్ అనేది టీమ్ కాదు, అది జిల్లా లాంటిది. 2016 దసరా రోజు, అక్టోబర్ 11న మన ఉమ్మడి నల్గొండ జిల్లా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడు ముక్కలైంది కదా. కోదాడ ఎక్కడికీ కదల్లేదు, దాని మీది గీత మారింది, అంతే. డివిజన్ చరిత్ర అంటే ఆ గీత ఎప్పుడు గీశారు, ఎందుకు గీశారు, ఎప్పుడు చెరిపేశారు అన్నదే.

కాబట్టి పేజీ పైన రెండు సంవత్సరాలు పెద్దగా రాయండి. సౌత్‌ఈస్ట్ డివిజన్‌కు అవి 1998, 2013. అమెరికా, కెనడా టీములు కలిసి ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌లో, 1998–99 సీజన్‌తో ఇది మొదలైంది, 2012–13 సీజన్‌తో ముగిసింది. సీజన్ మామూలుగా అక్టోబర్‌లో మొదలై మరుసటి ఏడాది జూన్ దాకా సాగుతుంది కాబట్టి రెండేళ్ళు కలిపి రాస్తారు, కప్పును మాత్రం రెండో ఏడాది పేరుతో పిలుస్తారు. 2003–04 సీజన్ గెలిచిన టీమ్‌ది 2004 కప్పు. ఇది ముందే బుర్రకెక్కించుకోకపోతే మీ పేజీలో ప్రతి గెలుపూ ఒక ఏడాది అటో ఇటో పడుతుంది. నా మొదటి పేజీ చిరిగింది అందుకే.

ఆ రెండు సంవత్సరాల కింద కారణం ఒక్క లైనులో రాయాలి. 1998కి ముందు లీగ్‌లో 26 టీములు, నాలుగు డివిజన్లు. 1998లో నాష్‌విల్, 1999లో అట్లాంటా, 2000లో కొలంబస్, మినసోటా వస్తున్నాయి, మొత్తం 30 అవుతాయి. అందుకని ఒక్కోదాంట్లో ఐదు టీములు పట్టేలా ముందే ఆరు డివిజన్లు చేసేశారు. కొత్తగా పుట్టినవి సౌత్‌ఈస్ట్, నార్త్‌వెస్ట్. అట్లాంటా ఇంకా రాలేదు కాబట్టి సౌత్‌ఈస్ట్ మొదటి ఏడాది నాలుగు టీములతోనే నడిచింది. కుర్చీ వేసి పెట్టి మనిషి కోసం ఎదురు చూసినట్టు.

ఇప్పుడు టీములు, ఒక్కోదానికి మూడు గళ్ళు

ఒక్కో టీమ్‌కు ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు చేరింది, తర్వాత ఎటు పోయింది అని మూడు గళ్ళు చాలు. వాషింగ్టన్ క్యాపిటల్స్, ఫ్లోరిడా పాంథర్స్, టాంపా బే లైట్నింగ్ మూడూ అప్పటి అట్లాంటిక్ డివిజన్ నుంచి వచ్చాయి. క్యారొలైనా హరికేన్స్ నార్త్‌ఈస్ట్ నుంచి వచ్చింది. 1997 దాకా అది హార్ట్‌ఫర్డ్ వేలర్స్ పేరుతో ఉత్తరాన కనెక్టికట్‌లో ఆడిన టీమే, దక్షిణానికి వలస వచ్చి పేరు మార్చుకుంది. అట్లాంటా థ్రాషర్స్ 1999లో కొత్తగా పుట్టి నేరుగా ఇందులో చేరింది. థ్రాషర్ అంటే జార్జియా రాష్ట్ర పక్షి, మనకు పాలపిట్ట ఎట్లనో వాళ్ళకు అది. నా జెర్సీ మీద ఉన్నది ఆ పక్షే అని తెలిసే దాకా నేను దాన్ని డేగ అనుకున్నాను.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం, ఫ్లోరిడాలో మంచెక్కడిది అని. ఆట హాలు లోపల. కింద కాంక్రీటులో పైపులు పరిచి, గడ్డకట్టని చల్లటి ఉప్పునీళ్ళలాంటి ద్రవాన్ని వాటిలో తిప్పుతారు, పైన నీళ్ళు పొరలు పొరలుగా చల్లి అంగుళం మందం, కాస్త అటూఇటూ, ఐస్ కట్టిస్తారు. కరెంటు ఉంటే చాలు, మిర్యాలగూడలో అయినా కడుతుంది.

ఆరో పేరు కూడా ఒకటి రాయాలి, విన్నిపెగ్ జెట్స్. దీని దగ్గర ఆగాలి, ఎందుకంటే ఈ డివిజన్ కథ మొత్తం ఇక్కడే మలుపు తిరిగింది. 2011 మే 31న అట్లాంటా టీమ్‌ను విన్నిపెగ్ వాళ్ళు కొంటున్నట్టు ప్రకటన వచ్చింది. విన్నిపెగ్ కెనడా మధ్యలో, ఎముకలు కొరికే చలి ఊరు. ఆ ఏడాదికి డివిజన్లు మార్చే టైమ్ లేక టీమ్‌ను అట్లాగే సౌత్‌ఈస్ట్‌లో ఉంచేశారు. అంటే కెనడా టీమ్ ఆగ్నేయ అమెరికా డివిజన్‌లో! ఆదిలాబాద్‌ను తెచ్చి పాలమూరులో కలిపినట్టు. ఒక డివిజన్ టీములు ఒకరితో ఒకరు ఎక్కువ మ్యాచ్‌లు ఆడాలి, అప్పట్లో సీజన్‌కు ఆరేసి. విన్నిపెగ్ నుంచి మయామీ వైపు దాదాపు మూడు వేల కిలోమీటర్లు, అటు పోవాలి, ఇటు రావాలి.

మరి వెంటనే ఎందుకు మార్చలేదు? 2011 డిసెంబర్‌లో లీగ్ కొత్త పథకం తయారు చేసింది, 2012 జనవరిలో ఆటగాళ్ళ సంఘం ఒప్పుకోలేదు. దాంతో విన్నిపెగ్ ఇంకో ఏడాది కూడా అక్కడే ఇరుక్కుంది. చివరికి 2013 మార్చిలో కొత్త ఏర్పాటు ఖరారై ఆరు డివిజన్లు మళ్ళీ నాలుగయ్యాయి. ఫ్లోరిడా, టాంపా బే అట్లాంటిక్‌కు, వాషింగ్టన్, క్యారొలైనా మెట్రోపాలిటన్‌కు, విన్నిపెగ్ సెంట్రల్‌కు పోయాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ ముక్కలైనప్పుడు షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయినట్టే, ఒక్కోటి తనకు దగ్గరున్న దాంట్లోకి. ఫ్లోరిడా టీములు రెండూ బోస్టన్, మాంట్రియల్ లాంటి ఉత్తరాది ఊళ్ళతో కలవడం మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టదు, దగ్గరితనం లెక్క అక్కడ పని చేయలేదు.

పట్టిక చదవడం రాకపోతే పేజీ దండగ

క్రికెట్ పాయింట్ల పట్టిక అలవాటున్న మనకు హాకీ పట్టిక ముందు గజిబిజిగా ఉంటుంది. గెలిస్తే 2, ఓడితే 0, అక్కడి వరకు ఐపీఎల్ లెక్కే. తేడా ఎక్కడంటే, మామూలు సమయం అయిపోయేసరికి స్కోరు సమానంగా ఉండి, అదనపు సమయంలో ఓడిన టీమ్‌కు కూడా 1 పాయింట్ ఇస్తారు. ఇది 1999–2000 నుంచి వచ్చింది. ఓటీఎల్ (ఓవర్‌టైమ్ లాస్) అన్న గడిలో ఉండేది అదే. 2003–04 దాకా మ్యాచ్ టై కూడా అయ్యేది, టీ అన్న గడి ఉండేది. 2005–06 నుంచి షూటౌట్, అంటే ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపర్ మీదికి పోయి గోల్ కొట్టే పోటీ, పెట్టి టైలను తీసేశారు. కాబట్టి ఈ ఒక్క డివిజన్ 14 పట్టికల్లోనే మూడు రకాలున్నాయి, మొదటి ఏడాది టై మాత్రమే, తర్వాత ఐదు పట్టికలు టై, ఓటీఎల్ రెండూ, ఆ తర్వాత ఓటీఎల్ మాత్రమే. గళ్ళు తారుమారు చేస్తే లెక్క తప్పుతుంది.

అందుకే ప్రతి లైనూ చేత్తో ఒకసారి కూడి చూసుకోండి. 2009–10 వాషింగ్టన్ 54 గెలిచింది, 15 ఓడింది, 13 ఓటీఎల్. 54ను రెండుతో గుణిస్తే 108, దానికి 13 కలిపితే 121. మ్యాచ్‌లు కూడితే 82, సీజన్‌కు ఉండాల్సినన్ని. రెండూ సరిపోయాయి, రాసుకోవచ్చు.

82 కాని ఏడాది ఒకటుంది. 2012–13లో యజమానులకు, ఆటగాళ్ళకు గొడవై సీజన్ ఆలస్యంగా మొదలైంది, 48 మ్యాచ్‌లే. ఆ ఏడాది వాషింగ్టన్ 57 పాయింట్లతో డివిజన్ గెలిచింది. 57 చూసి చెత్త టీమ్ అనుకోకండి, వచ్చే అవకాశమున్న 96లో 57. అలాంటి గొడవలోనే 2004–05 సీజన్ మొత్తం రద్దయింది, కప్పు కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఆ లైన్ ఖాళీగా వదిలి "రద్దు" అని రాయండి, ఎగ్గొట్టకండి. ఎగ్గొడితే తర్వాత సీజన్లు లెక్కపెట్టినప్పుడు మీరే గింజుకుంటారు.

గెలిచిన వాళ్ళ జాబితా

ఇది పేజీకి నడుము. మొదటి ఏడాది 1998–99లో క్యారొలైనా 86 పాయింట్లతోనే డివిజన్ గెలిచింది. తర్వాతి రెండేళ్ళు వాషింగ్టన్. 2001–02 మళ్ళీ క్యారొలైనా, 2002–03, 2003–04 టాంపా బే, మధ్యలో రద్దయిన ఏడాది, 2005–06 క్యారొలైనా 112 పాయింట్లతో, 2006–07 అట్లాంటా 97తో, ఆ తర్వాత నాలుగేళ్ళు వరసగా వాషింగ్టన్, 2011–12 ఫ్లోరిడా, చివరిది వాషింగ్టన్. కూడి చూడండి, వాషింగ్టన్ 7, క్యారొలైనా 3, టాంపా బే 2, అట్లాంటా 1, ఫ్లోరిడా 1, మొత్తం 14. పదిహేను సీజన్లలో ఒకటి రద్దు కాబట్టి సరిపోయింది.

జాబితా రాసి వదిలేస్తే అది చరిత్ర కాదు, రేషన్ కార్డుల లిస్టు. పక్కన ఒక గడి పెట్టి "తర్వాత ఏమైంది" అని రాయండి, అప్పుడు దానికి ప్రాణం వస్తుంది. ఎందుకంటే డివిజన్ గెలవడం వేరు, కప్పు గెలవడం వేరు. డివిజన్లలో పాయింట్ల ఆట అయ్యాక ప్లేఆఫ్స్ ఉంటాయి, ఒక్కో సిరీస్‌లో ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళు ముందుకు పోతారు, ఆఖరున నిలిచిన వాళ్ళకు స్టాన్లీ కప్.

ఆ 121 పాయింట్ల వాషింగ్టన్‌నే చూడండి. 2010లో లీగ్ మొత్తంలో అదే ఫస్ట్. అలెక్స్ ఒవెచ్కిన్ ఉన్న టీమ్, రెండేళ్ళ ముందు ఒకే సీజన్‌లో 65 గోల్స్ కొట్టిన మనిషి. మొదటి రౌండ్‌లో ఎనిమిదో ర్యాంకు మాంట్రియల్ మీద 3–1 ఆధిక్యంలో ఉండి, వరసగా మూడు ఓడి ఇంటికి పోయింది. అట్లాంటా అయితే ఇంకా పాపం. 2007లో డివిజన్ గెలిచిన ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు, న్యూయార్క్ రేంజర్స్ చేతిలో సిరీస్ 4–0తో పోయింది. ఆ టీమ్ జీవితం మొత్తంలో ఆడిన ప్లేఆఫ్ సిరీస్ అదొక్కటే. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవకుండానే ఊరు ఖాళీ చేసింది.

వెక్కిరింపును కూడా రాయండి, కానీ లెక్క చూసి

ఈ డివిజన్‌కు అక్కడి అభిమానులు పెట్టిన పేరు సౌత్‌లీస్ట్. ఈస్ట్‌ను లీస్ట్ చేశారు. దీనికి కారణం ఒక రూల్. అప్పట్లో ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లోని, అంటే లీగ్‌లో తూర్పు సగంలోని, మూడు డివిజన్ల విజేతలకు పాయింట్లతో పని లేకుండా మొదటి మూడు ర్యాంకులు ఇచ్చేవారు. బలహీనమైన డివిజన్ గెలిచినా మూడో ర్యాంకు ఖాయం. 2011–12 ఫ్లోరిడా దీనికి తిరుగులేని ఉదాహరణ. 38 గెలుపులు, 26 ఓటములు, 18 ఓటీఎల్, 94 పాయింట్లు. అంటే 82లో 44 మ్యాచ్‌లు ఏదో ఒక రకంగా ఓడిపోయి డివిజన్ గెలిచింది. మూడో ర్యాంకు దొరికింది. 48 మ్యాచ్‌లు గెలిచి 102 పాయింట్లు తెచ్చుకున్న న్యూ జెర్సీకి ఆరో ర్యాంకు. ఇద్దరికీ మొదటి రౌండ్‌లోనే పడింది, ఏడో మ్యాచ్ రెండో అదనపు సమయం దాకా పోయి న్యూ జెర్సీ గెలిచింది.

వెక్కిరించడానికి ఇది చాలు. కానీ అక్కడే ఆపితే మీరు సగమే రాసినట్టు, చాలామంది ఆపేది అక్కడే. 2002లో క్యారొలైనా 91 పాయింట్లతో ఇదే మూడో ర్యాంకు రూల్ పట్టుకుని ఫైనల్ దాకా వెళ్ళి డెట్రాయిట్ చేతిలో 4–1తో ఓడింది. 2004లో టాంపా బే కాల్గరీని ఏడు మ్యాచ్‌లలో ఓడించి కప్పు ఎత్తింది. 2005లో కప్పే లేదు. 2006లో క్యారొలైనా ఎడ్మంటన్‌ను, అదీ ఏడు మ్యాచ్‌లలోనే. ఆ ఐదేళ్ళలో జరిగిన నాలుగు ఫైనల్స్‌లో మూడింట్లో సౌత్‌ఈస్ట్ టీమ్ ఉంది, వెంటవెంటనే రెండు కప్పులు ఇక్కడికే వచ్చాయి. నాకైతే ఇది లీస్ట్ లాగా కనిపించలేదు. నడుమ నాలుగేళ్ళు బాగా ఆడి, ముందూ వెనకా తడబడిన డివిజన్ అని నా పేజీలో రాసుకున్నాను. మీ లెక్కలో వేరేగా తేలితే వేరేగా రాయండి.

ఇంకో చిన్న ముచ్చట, ఊరికే. 2004లో టాంపా బే ఓడించిన కాల్గరీ ఫ్లేమ్స్ కూడా ఒకప్పుడు అట్లాంటా టీమే, 1980లో కెనడాకు పోయింది. అంటే అట్లాంటా నుంచి రెండు హాకీ టీములు పోయాయి, రెండూ కెనడాకే.

పేర్ల గోతులు

వెతికేటప్పుడు మూడు చోట్ల పడతారు, నేను మూడింటిలోనూ పడ్డాను. మొదటిది, సౌత్‌ఈస్ట్ డివిజన్ అని కొడితే బాస్కెట్‌బాల్ వచ్చి పడుతుంది. ఎన్‌బీఏలో అదే పేరుతో 2004 నుంచి ఒక డివిజన్ ఉంది, అక్కడా అట్లాంటా ఉంది, వాషింగ్టన్ ఉంది. మయామీ హీట్ కనిపిస్తే వెనక్కి రండి.

రెండోది, విన్నిపెగ్ జెట్స్ ఇద్దరున్నారు. పాత జెట్స్ 1996లో ఫీనిక్స్ పోయి కొయోటీస్ అయింది. ఇప్పటి జెట్స్ అట్లాంటా నుంచి వచ్చినది. సౌత్‌ఈస్ట్‌లో ఆడింది రెండోదే, 2011–12, 2012–13 రెండు సీజన్లు మాత్రమే. పాత జెట్స్ రికార్డులు తెచ్చి ఇక్కడ అతికించకండి.

మూడోది అన్నిటికన్నా మాయదారిది, అట్లాంటిక్ డివిజన్. 1993 నుంచి 2013 దాకా ఉన్న అట్లాంటిక్ వేరు, 2013 తర్వాతది వేరు. 1998 తర్వాత పాతదాంట్లో ఉన్నవి రేంజర్స్, ఐలాండర్స్, న్యూ జెర్సీ, ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, ఆ ఐదూ ఇప్పుడు మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి. కొత్త అట్లాంటిక్ అంటే అసలుకు పాత నార్త్‌ఈస్ట్ టీములు ఐదు, వాటికి డెట్రాయిట్, రెండు ఫ్లోరిడా టీములు కలిపినది. పేరు ఉంది, మనుషులు మారారు. ఇప్పుడు నల్గొండ జిల్లా అంటే కోదాడ, హుజూర్‌నగర్ లేని నల్గొండ కదా, 2016 ముందు లెక్కలతో దాన్ని పోల్చితే తప్పేగా, అదే గొడవ. అందుకే డివిజన్ పేరు రాసిన ప్రతిచోటా పక్కన సంవత్సరం వేయండి. మనవాళ్ళు "ఉమ్మడి" అన్న మాట ఊరికే వాడరు.

ఇదే పద్ధతిలో మీరు 2013లోనే పోయిన నార్త్‌ఈస్ట్, నార్త్‌వెస్ట్‌లకు కూడా పేజీలు చేసుకోవచ్చు. ఇంకా వెనక్కి పోవాలంటే ప్యాట్రిక్, ఆడమ్స్, నోరిస్, స్మైత్ అని మనుషుల పేర్లతో 1974 నుంచి 1993 దాకా నాలుగు డివిజన్లు ఉండేవి, అవి ఇంకా రుచిగా ఉంటాయి గానీ 1981 దాకా వాటికి, ఊళ్ళ దూరాలకు పొంతన ఉండదు, కాబట్టి వాటితో మొదలుపెట్టకండి, బుర్ర తిరుగుతుంది.

పేజీ అయిపోయాక ఆట తెలియని ఒకరికి ఇచ్చి మూడు ప్రశ్నలు అడగండి. ఎప్పుడు పుట్టింది, ఎందుకు పోయింది, ఫలానా టీమ్ ఇప్పుడు ఎక్కడుంది. మూడూ పేజీ చూసి చెప్పగలిగితే మీ పని అయింది, తడుముకుంటే ఏ గడి సరిగ్గా లేదో తెలిసిపోతుంది. నేను ఆ గ్రౌండ్ పిల్లాడికే ఇచ్చాను. మొదటి రెండూ టక్కున చెప్పాడు, మూడోదానికి వేలితో వెతుక్కుని విన్నిపెగ్, సెంట్రల్ అన్నాడు. అప్పుడు వాడు ముందు అడిగిన ప్రశ్నకు నేను బాకీ తీర్చాను. నాలుగో ప్లేస్ రా, 80 పాయింట్లు, 2010–11లో. ఆ తర్వాత ఇంకో మ్యాచ్ ఆడలేదు.